భూమిపైనా చంద్రుడిపైనా పగలు, రాత్రి ఏర్పడే తీరును ఇంట్లోనే చూపించే విధానం

భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల పగలు, రాత్రి వస్తాయని చిన్న తరగతుల పిల్లలు కూడా అప్పజెబుతారు గానీ, చంద్రుడిపై రాత్రి ఎంతకాలం ఉంటుందని అడిగితే పెద్దలు సైతం తడబడతారు. ఈ రెండింటినీ ఒకే గదిలో చూపించడానికి ఒక బల్బు, గుండ్రని బత్తాయి, రేగుపండు, సన్నని ఊచలు రెండు, స్కెచ్ పెన్ చాలు. భూమి వ్యాసం 12,742 కి.మీ., చంద్రుడిది 3,474 కి.మీ. కాబట్టి రేగుపండు బత్తాయిలో పావువంతు ఉంటే పోలిక దాదాపు సరిపోతుంది.

కిటికీలు మూసి, సూర్యుడికి బదులుగా బల్బును తల ఎత్తులో వెలిగించండి. బత్తాయి తొడిమ దగ్గర ఊచ గుచ్చి అడుగు నుంచి బయటికి తీసి, తొడిమను ఉత్తర ధ్రువంగా భావించి నిటారుగా పట్టుకోండి. భూమి అక్షానికున్న 23.5 డిగ్రీల వాలు ఋతువులను బట్టి పగటి నిడివిని మారుస్తుందే తప్ప, పగలూ రాత్రీ కలగడానికి కారణం కాదు. అందుకే ఊచను వాల్చనవసరం లేదు. పండు నడుముకు కాస్త పైన శ్రీకాకుళం పేర ఒక చుక్క, దానికి కొద్దిగా ఎడమన ఆదిలాబాదు పేర మరొక చుక్క పెట్టి, పడమటి నుంచి తూర్పుకు, అంటే పైనుంచి చూస్తే గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిప్పండి. శ్రీకాకుళం ముందు వెలుగులోకి వస్తుంది. ఒక్కో డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాల తేడా కనుక, నిజంగానే ఆ రెండు ఊళ్ల సూర్యోదయాలకు మధ్య సుమారు 20 నిమిషాల ఎడం ఉంటుంది.

ఇప్పుడు బత్తాయిని పక్కన పెట్టండి. ఇక మీరే భూమి. రేగుపండును ఊచకు గుచ్చి, దానిపై పెట్టిన చుక్క ఎప్పుడూ మీ ముఖం వైపే ఉండేలా, చేయి చాచి తలకంటే కొంచెం ఎత్తులో పట్టుకుని, ఎడమవైపుగా మెల్లగా ఒక చుట్టు తిరగండి. చంద్రుడు మనకు ఒకే ముఖం చూపుతాడు కాబట్టి తన చుట్టూ తాను తిరగడనుకోవడం పొరపాటని ఇక్కడే తేలుతుంది: మీ చుట్టు పూర్తయ్యేసరికి ఆ చుక్క గదిలోని నాలుగు గోడలనూ చూసింది, అంటే పండు కూడా ఒకసారి తిరిగింది. పండు బల్బు వైపు ఉన్నప్పుడు అమావాస్య. చుక్క చీకటిలో ఉంటుంది, మనకు కనబడని వెనుకభాగంలో మాత్రం నడిమధ్యాహ్నం. మీరు బల్బుకు వీపు పెట్టి నిలిచినప్పుడు పౌర్ణమి, చుక్కకు మధ్యాహ్నం. కాబట్టి చంద్రుడికి శాశ్వతంగా చీకటిలో ఉండే పక్కంటూ లేదు.

చంద్రుడు తన చుట్టూ తిరగడానికి 27.3 రోజులు పడుతుంది. ఈలోగా భూమి సూర్యుడి చుట్టూ కొంత ముందుకు సాగిపోతుంది కనుక, సూర్యుడు మళ్లీ అదే చోటికి రావడానికి 29.5 రోజులు కావాలి. మన చాంద్రమాన మాసం సరిగ్గా ఇదే. పితృదేవతలకు మన నెల ఒక అహోరాత్రమని, అంటే పగలూ రాత్రీ కలిసిన ఒక రోజని, పూర్వులు చెప్పిన లెక్క ఈ కొలతతో కలవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. అంటే చంద్రుడిపై పగలు దాదాపు రెండు వారాలు, రాత్రి మరో రెండు వారాలు. గాలి లేనందున సంధ్యాకాంతి ఉండదు. మధ్యరేఖ వద్ద పగటివేడి సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, రాత్రి మైనస్ 130కి పడిపోతుంది.

చివరగా రేగుపండు అడుగుభాగాన, చుక్క ఉన్న వైపే, కాస్త కుడిగా చంద్రయాన్-3 పేర ఇంకొక గుర్తు పెట్టి మళ్లీ తిరగండి. 2023 ఆగస్టు 23న, శ్రావణ శుద్ధ సప్తమి నాడు, దాని ల్యాండర్ విక్రమ్ దిగేసరికి అక్కడ అప్పుడే తెల్లవారింది. సౌరఫలకాలతో పనిచేసే విక్రమ్‌కు, అది మోసుకెళ్లిన రోవర్ ప్రజ్ఞాన్‌కు పూర్తి పగలు దక్కాలనే ఆ సమయాన్ని ఎంచుకున్నారు. సెప్టెంబరు తొలివారంలో రెండింటినీ నిద్రపుచ్చాక, కృష్ణాష్టమి దరిదాపుల్లో అక్కడ పొద్దు గూకింది.