పాప యాడ్‌కి సెలెక్ట్ అయిందని ఫోన్ వచ్చిందా? రెండోసారి డబ్బు కట్టకండి

గత నెల మా వీధిలో ఉండే ఒకావిడ ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మాల్‌లో ఎవరో ఆమె ఏడేళ్ల పాపను చూసి, "కిడ్స్ యాడ్‌కి ఈ ఫేస్ బాగా సరిపోతుంది మేడమ్" అని నంబర్ తీసుకున్నారట. మూడో రోజు పాప సెలెక్ట్ అయిందని కాల్. రిజిస్ట్రేషన్ 3,000. పోర్ట్‌ఫోలియోకి, అంటే మోడల్ ఫోటోల ఆల్బమ్‌కి, 28,000. ఆ తర్వాత, షూట్ అయ్యాక తిరిగి ఇచ్చేస్తామంటూ డిపాజిట్ కింద 1,20,000. అదీ ముందు రోజు సాయంత్రం కట్టేసింది. "ఇంకో 21,600 జీఎస్టీ కడితే మొత్తం వెనక్కి వేస్తామంటున్నారు. కట్టమంటారా అన్నయ్యా?" అని అడిగింది.

కట్టొద్దమ్మా అన్నాను.

వేసవి సెలవులు వస్తున్నాయి. పిల్లల్ని తీసుకుని అందరూ మాల్స్‌లో తిరిగే రోజులు. వీళ్లకు ఇదే సీజన్. హైదరాబాద్‌లో చీరల షోరూములకు, నగల దుకాణాలకు యాడ్ ఫోటోలు తీయడం నా పని. నిజమైన మోడలింగ్ ఏజెన్సీలతో రోజూ మాట్లాడతాను కాబట్టి చెప్తున్నాను.

ఒక షోరూముకు పండగ హోర్డింగ్ కావాలనుకోండి. ఎలాంటి ముఖం కావాలో, ఏ రోజు షూటో ఏజెన్సీకి చెప్తారు. ఏజెన్సీ తన దగ్గరున్న వాళ్లలో పది పదిహేను మంది ఫోటోలు పంపుతుంది. ఎంచుకునేది క్లయింట్. డబ్బిచ్చేదీ క్లయింటే. అందులోంచి ఏజెన్సీ తన కమీషన్ తీసుకుని మిగతాది మోడల్‌కి ఇస్తుంది. పేమెంట్ రావడానికి రెండు మూడు నెలలు పట్టడం ఈ లైన్లో మామూలే. అంటే మీకు పని దొరికితేనే ఏజెన్సీకి ఆదాయం. మీ దగ్గర ముందే డబ్బు తీసుకున్నవాడికి మీకు పని చూపించాల్సిన అవసరమే ఉండదు.

పిల్లలకు పోర్ట్‌ఫోలియో అసలు అక్కర్లేదు. ఆర్నెల్లలో పళ్లు ఊడతాయి, ఎత్తు పెరుగుతారు, ముఖం మారిపోతుంది. పగటి వెలుతురులో, తెల్లగోడ ముందు, మేకప్ లేకుండా ఫోన్‌తో తీసిన నాలుగు ఫోటోలు చాలు. పెద్దవాళ్లు పోర్ట్‌ఫోలియో తీయించుకుంటారు, అందులో తప్పు లేదు. కానీ ఫోటోగ్రాఫర్‌ని వాళ్లే ఎంచుకుంటారు. మా స్టూడియోలోనే తీయించాలని ఏజెన్సీ పట్టుబట్టిందంటే దాని వ్యాపారం ఆ ఫోటోలేనని అర్థం.

ఇక అసలు సంగతి. 3,000 పోతే బాధే గానీ ఇల్లు మునిగిపోదు. ఆ 3,000 వృథా కాకూడదని 28,000 కడతారు. ఆ 28,000 కోసం లక్ష దాటుతారు. నేను చూసిన కుటుంబాలన్నీ దెబ్బతిన్నది ఇక్కడే. ఒకామె గాజులు తాకట్టు పెట్టింది, భర్తకు చెప్పలేదు. ఇంకొకాయన క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టుకుని, పాప యాడ్ రాకపోయినా రెండేళ్లు కట్టాడు. మొదటి డబ్బు పోయిందనే అనుకోండి. దాని కోసం రెండోసారి కట్టకండి. ఇంట్లో చెప్పండి. తిడితే తిట్టనివ్వండి.

నిజమైనవాళ్లో కాదో తేల్చే ప్రశ్న ఒకటుంది: "కలెక్టర్ పర్మిషన్ ఎవరు తీసుకుంటున్నారు?" పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో యాడ్ తీయాలంటే 2017 నాటి బాల కార్మిక నిబంధనల ప్రకారం నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పిల్లల యాడ్లు నిజంగా తీసేవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. దొంగలు మాట మారుస్తారు.

జీఎస్టీ నంబర్ ఇస్తే పోర్టల్‌లో కొట్టి చూడండి. అది ఉన్నంత మాత్రాన నమ్మేయకండి, నంబర్ తీసుకోవడం కష్టమేమీ కాదు.
బ్రాండ్ పేరు చెప్తే ఆ బ్రాండ్ ఆఫీసుకే ఫోన్ చేయండి. ఏజెన్సీ ఇచ్చిన నంబర్‌కి చేయకండి.
హీరోయిన్ పక్కన నిలబడి దిగిన ఫోటో రుజువు కాదు.
మాల్‌లో నంబర్ ఇవ్వకండి. ఫారంలో పాప స్కూలు పేరు రాయకండి.
ఈత దుస్తుల ఫోటోలు ఎవరడిగినా పంపకండి.
వయసొచ్చిన అమ్మాయిలైతే ఆడిషన్ ఆఫీసులో, పగలు, తోడుతో. హోటల్ గదికి వెళ్లొద్దు.
ఖాళీలున్న అగ్రిమెంట్ మీద సంతకం పెట్టొద్దు.
ఫోటోలు ఎక్కడ, ఎన్నాళ్లు వాడతారో కాగితం మీద లేకపోతే షూట్‌కి వెళ్లొద్దు.
"ఈ రోజే ఆఖరు" అన్నారా, ఫోన్ పెట్టేయండి.
డిపాజిట్ అన్నా, ఇన్సూరెన్స్ అన్నా, కాస్ట్యూమ్ అన్నా, రీఫండ్ ఛార్జీ అన్నా, కట్టొద్దు.
కట్టేశారా? వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెప్తే డబ్బును అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. చాట్లు చెరిపేయకండి. నగదు ఇచ్చి ఉంటే పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి.
పిల్లల ఫోటోలు చూపించి బెదిరిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.
పోయిన డబ్బు రాబట్టిస్తామని ఫోన్ చేసి ఫీజు అడిగేవాళ్లకూ రూపాయి ఇవ్వకండి. అదీ రెండోసారి కట్టడమే.

మా వీధి ఆవిడ ఆ 21,600 కట్టలేదు. మా ఇంట్లో కూర్చునే 1930కి ఫోన్ చేసింది. రెండు రోజుల తర్వాత వాళ్లే మళ్లీ కాల్ చేసి, "పోనీ పదివేలు వేయండి మేడమ్, ఫైల్ కదులుతుంది" అన్నారు.