వేరుశనగలో మొవ్వుకుళ్ళు: ఖాళీలు పూడ్చాక తగ్గింది (నా అనుభవం)

బోరు కింద రబీలో వేసే మా కదిరి-6 వేరుశనగలో మూడేళ్ళుగా చిగుళ్ళు ఎండి, మొక్కలు గిడసబారిపోయేవి. పురుగుమందులు మార్చడం, తెగులు మొక్కలను పీకివేయడం, ఎరువు పెంచడం ఏదీ ఫలించలేదు.

మొలక తప్పిన ఖాళీల పక్కనే తెగులు ఎక్కువగా ఉందని గమనించాక, ఈ తెగులు వైరస్‌ను మోసుకొచ్చే తామర పురుగుల బెడద పలుచని పైరులోనే అధికమని అర్థమైంది. ఈసారి ముందుగా తడిగుడ్డలో మొలకశాతం చూసి, కిలో విత్తనానికి 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పట్టించి (విత్తనశుద్ధి చేసి) నీడలో ఆరబెట్టాను. సాళ్ళ మధ్య 22.5, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఉండేలా, అంటే చదరపు మీటరుకు సుమారు 44 మొక్కలు నిలిచేలా విత్తి, పదో రోజున సాలు సాలూ తిరిగి ప్రతి ఖాళీలోనూ నానబెట్టిన గింజ వేయించాను. అసలు మేలు చేసింది ఈ చివరి పనేనని నా నమ్మకం.

తెగులు బాగా తగ్గింది, దిగుబడీ పెరిగింది. అయితే విత్తనశుద్ధి వాటా ఎంతో విడదీసి చెప్పలేను. వర్షాధార ఖరీఫ్‌లో ఇంత ఒత్తుగా వేస్తే తేమ చాలకపోవచ్చు. గుబురు మితిమీరితే కాండంకుళ్ళు ముప్పూ ఉంటుంది.