జింబ్రా సర్వర్ నిర్వహణ, 4వ పాఠం: పెరిగిన ర్యామ్‌లో ఎవరికెంత?

జింబ్రా అంటే సంస్థలు సొంతంగా నడుపుకునే మెయిల్ సర్వర్. దాని మెమరీ సెట్టింగుల మీద రాసిన పోయిన పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాలు రెండే రకాలు. "16 జీబీని 32 చేశాం, మెయిల్ మాత్రం అదే స్పీడు" అని కొందరు. "హీప్ పెంచాం, రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది, సోమవారం పొద్దున మొత్తం పడిపోయింది" అని ఇంకొందరు. హీప్ అంటే జింబ్రాలోని జావా ప్రోగ్రామ్ తన పనికి వాడుకునే మెమరీ. ఈసారి స్పామ్ ఫిల్టర్ల గురించి చెప్పాల్సింది. అది తర్వాత చూద్దాం, ముందు ఈ గొడవ తేలాలి.

మొదటి రకం వాళ్లకు జవాబు చిన్నదే. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు జింబ్రా అప్పుడున్న ర్యామ్‌ను చూసి జావా హీప్‌కి ఇంత, మరియాడీబీ (జింబ్రా డేటాబేస్) తన డేటాను ర్యామ్‌లో ఉంచుకునే బఫర్ పూల్‌కి ఇంత అని లెక్కకట్టి రాసేసుకుంటుంది. ఆ తర్వాత మీరు ఎంత ర్యామ్ పెట్టినా ఆ అంకెలు వాటంతట అవి మారవు. హీప్ అంకె జింబ్రా సొంత సెట్టింగులుండే లోకల్ కాన్ఫిగ్‌లో, పూల్ అంకె మరియాడీబీ సెట్టింగులుండే మై డాట్ సీఎన్ఎఫ్ ఫైల్‌లో ఉంటాయి. కమాండ్లు మూడో పాఠంలో ఇచ్చాను, మళ్లీ రాయను. లోకల్ కాన్ఫిగ్‌లో మైఎస్‌క్యూఎల్ మెమరీ పర్సెంట్ అని ఒక కీ కనిపిస్తుంది. దాన్ని 30 నుంచి 50 చేసి, రీస్టార్ట్ కొట్టి, తేడా లేదేంటని అడిగినవాళ్లు ఉన్నారు. ఆ శాతం మొదటిసారి మై డాట్ సీఎన్ఎఫ్ తయారు చేసేటప్పుడు పనికొచ్చేది. ఇప్పుడు ఫైల్ తెరిచి అంకె మార్చాల్సిందే.

ఇక రెండో రకం. హీప్‌కి మొత్తంలో పావు అని నేను పోయిన పాఠంలో రాస్తే, పావు మిగిల్చి తక్కినదంతా ఇవ్వమన్నట్టు చదివారు కొందరు. 32 జీబీ మిషన్‌లో హీప్ 24576 ఎంబీ, అంటే 24 జీబీ! అయినా రెండు రోజులు ఎందుకు నడిచింది? జావా అడిగిన మెమరీనంతా ఆ క్షణమే తాకదు, వాడుకుంటూ పోతుంది. బఫర్ పూల్ కూడా అంతే, మెల్లగా నిండుతుంది. శని, ఆదివారాలు అందరూ సెలవులో ఉంటే ఏమీ కనపడదు. సోమవారం అందరూ ఒకేసారి ఔట్‌లుక్ తెరవగానే హీప్ నిండుతుంది, మిషన్‌లో చోటు అయిపోతుంది, అప్పుడు కర్నెల్ (మెమరీని పంచిపెట్టే లైనక్స్ మూల భాగం) ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపాలి. మామూలుగా అన్నిటికన్నా పెద్దదాన్నే పట్టుకుంటుంది, అంటే మీ జావానే. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. అనుమానం ఉంటే కర్నెల్ లాగ్‌లో "ఔట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్" అనే లైన్ వెతకండి. పక్కనే బ్రాకెట్లలో జావా అని ఉంటుంది.

అసలు అంత ఎందుకిచ్చారంటే చాలామంది జవాబు ఒకటే: "ఫ్రీ అనే కమాండ్ కొడితే ఫ్రీ కాలమ్‌లో మిగిలి ఉంది కదా సార్." ఇంకొందరిది దీనికి తలకిందులు: "ఫ్రీలో 600 ఎంబీనే ఉంది, టెన్షన్‌గా ఉంది."

దయచేసి ఫ్రీ కాలమ్ చూడటం మానేయండి. అందులో ఉండేది ఎవరూ దేనికీ వాడని మెమరీ, అంటే డబ్బు పెట్టి కొని ఖాళీగా ఉంచినది. చూడాల్సింది చివరనున్న అవైలబుల్. ఒక 32 జీబీ సర్వర్‌లో మొత్తం 31, యూజ్డ్ 14, ఫ్రీ 0.6, బఫర్-క్యాష్ 16, అవైలబుల్ 16 అని వచ్చిందనుకోండి. ఆ సర్వర్ హాయిగా ఉన్నట్టు. జింబ్రాలో ప్రతి మెయిలూ స్టోర్ అనే ఫోల్డర్‌లో ఒక విడి ఫైల్. సెర్చ్ ఇండెక్స్ కూడా ఫైళ్లే. లైనక్స్ ఈ మధ్య చదివిన ఫైళ్లను క్యాష్‌లో పెట్టుకుని డిస్క్ జోలికి పోకుండా అక్కడి నుంచే ఇస్తుంది. ప్రోగ్రాములు అడిగితే ఆ చోటులో చాలా భాగం వెంటనే వదిలేస్తుంది. ఎంత వదలగలదో అంచనా కట్టి చెప్పేదే అవైలబుల్. 2014లో వచ్చిన 3.14 కర్నెల్ నుంచి ఈ లెక్క కర్నెలే ఇస్తోంది. అంటే కొత్త సంగతేం కాదు.

ఒకరైతే గంటకోసారి క్యాష్ ఖాళీ చేసే క్రాన్ (టైమ్‌కి తనంతట నడిచే పని) పెట్టుకున్నారు, డ్రాప్ క్యాషెస్ అనే కర్నెల్ సెట్టింగ్‌లో 3 రాస్తూ. ఫ్రీ కాలమ్ కళకళలాడుతోందట! గంట గంటకీ మెయిల్ ఫైళ్లన్నీ డిస్క్ నుంచి మళ్లీ చదివిస్తున్నారన్నమాట. డ్రాప్ క్యాషెస్ అనేది క్యాష్ పెరుగుదలను అదుపు చేసే సాధనం కాదని కర్నెల్ డాక్యుమెంట్లే చెబుతున్నాయి. ఆ క్రాన్ ఇవాళే తీసేయండి.

ఇప్పుడు లెక్క. అన్నీ ఒకే మిషన్‌లో ఉన్న 32 జీబీ సర్వర్‌కి నేనిచ్చేది హీప్ 8 జీబీ, పూల్ 8 జీబీ. రెండూ కలిపి సగం దాటనివ్వను. వైరస్‌లు వెతికే క్లామ్‌ఏవీ ఒక్కటే జీబీకి పైగా తింటుంది. 0.103 వెర్షన్ నుంచి వైరస్ సంతకాలను రీలోడ్ చేసే కాసేపు పాతవీ కొత్తవీ రెండూ మెమరీలో ఉంటాయి కాబట్టి దాదాపు రెట్టింపు అవుతుంది. మెయిల్‌ని స్కానింగ్‌కి పంపే అమావిస్ ప్రాసెస్‌లు, యూజర్ల వివరాలుండే ఎల్‌డాప్, ముందు నిలబడే వెబ్ ప్రాక్సీ ఎంజిన్‌ఎక్స్ సరేసరి. మిగిలింది క్యాష్‌కి. హీప్ మరీ పెద్దదైతే ఫుల్ జీసీ (జావా అన్నీ ఆపి పనికిరాని మెమరీని ఏరిపారేయడం) పడినప్పుడు ఆగే సమయం కూడా పెరుగుతుంది. 128 జీబీ ఉన్నవాళ్లు కూడా హీప్ 31 దాటించకండి. 32 దగ్గర జావా పాయింటర్లు పెద్దవైపోయి, హీప్ ఎక్కువ ఇచ్చినా అందులో తక్కువ డేటానే పడుతుంది.

నాకిష్టమైన పని ఇంకోటి: అమావిస్ టెంప్ ఫోల్డర్‌ని టీఎంపీఎఫ్ఎస్‌లో (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్) పెట్టి 1 జీబీ పరిమితి ఇస్తాను. స్కానింగ్ కోసం డిస్క్ మీద రాయడం తప్పుతుంది. అదీ ర్యామ్ ఖాతాలోదేనని మరవకండి.

యూనిట్ల దగ్గర జాగ్రత్త. హీప్ అంకె ఎంబీల్లో, అక్షరం లేకుండా: 8192. మై డాట్ సీఎన్ఎఫ్‌లో అక్షరం లేకపోతే బైట్లు. అక్కడ కూడా 8192 అని రాస్తే 8 కేబీ. మరియాడీబీ ఎర్రర్ ఇచ్చి ఆగదు, పూల్‌ని తన కనీస సైజుకి పెంచుకుని లేచి నత్తలా నడుస్తుంది. 8జీ అని రాయండి, లేదా 8589934592.

అభ్యాసం: ఇవాళ హీప్ ఒక్కటే మార్చండి, పూల్ ముట్టుకోవద్దు. వారం పాటు ప్రతి పది నిమిషాలకీ అవైలబుల్ విలువ, వీఎంస్టాట్ కమాండ్‌లో స్వాప్ ఇన్, స్వాప్ ఔట్ (ర్యామ్ చాలక డిస్క్ మీదకి వెళ్లి వచ్చే మెమరీ) ఒక ఫైల్‌లోకి రాయించండి. సోమవారం తొమ్మిది నుంచి పదకొండు దాకా జీసీ లాగ్‌లో అన్నిటికన్నా పొడవైన ఆగుడు ఎంతో విడిగా రాసుకోండి. రెండో వారం పూల్ మార్చి అంతా మళ్లీ చేయండి. రెండు వారాల అంకెలు పక్కపక్కన పెట్టి, మీ సర్వర్‌కి హీప్ ఎంత సరిపోతుందో, ఎందుకో నాలుగు లైన్లలో రాసి పంపండి. అంకెలు లేకుండా "స్లోగా ఉంది" అని మాత్రం రాయొద్దు.