ఈనిన ఆవు మీదికొస్తోందా? సమస్యలు - పరిష్కారాలు

ఇంటి దగ్గర ఒకటో రెండో ఆవులు పెంచుకునేవాళ్ళకి ఈ తిప్పలు తెలిసినవే. ఏడాదంతా గంగడోలు నిమిరించుకున్న ఆవు, ఈనిన పూట నుంచి కొమ్ములు చూపిస్తుంది. పెద్ద డెయిరీ ఫారాల్లో చాలాచోట్ల దూడను పుట్టగానే వేరు చేస్తారు. మన పాకల్లో దూడ తల్లి దగ్గరే ఉంటుంది, దూడను వదిలితే గానీ చాలా ఆవులు పాలు చేపవు. ఒంగోలు లాంటి దేశవాళీ ఆవుల్లో దూడ మీద పట్టు మరీ ఎక్కువ. "ఈ ఆవుకి పొగరెక్కింది" అని తేల్చేముందు అది ఎప్పుడు, ఎవరి మీదికి వస్తోందో గమనించండి. ఏం చెయ్యాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

సమస్య: దూడ దగ్గరికి ఎవరెళ్ళినా పొడవడానికి వస్తోంది

కారణం: ఈనిన తర్వాత మొదటి గంటల్లో తల్లి దూడను నాకుతూ దాని వాసన పట్టుకుంటుంది. ఆ సమయంలో దగ్గరికొచ్చిన ప్రతిదీ దానికి ప్రమాదంలాగే కనిపిస్తుంది. అయితే చెప్పకుండా పొడిచే ఆవులు తక్కువ. ముందు నమలడం ఆపి తలెత్తి మీ వైపే చూస్తుంది, చెవులు నిక్కబొడుస్తుంది. తర్వాత మీకూ దూడకూ మధ్యలోకొచ్చి అడ్డంగా నిలబడుతుంది. బుసకొట్టడం, కాలితో నేల దువ్వడం, తల వంచడం ఆ తర్వాతి సంగతి. అడ్డంగా నిలబడ్డప్పుడే మీరు ఆగిపోవాలి. నేల దువ్వేదాకా చూస్తూ నిలబడితే తప్పుకునే టైం ఉండదు.

పరిష్కారం: రోజూ మేత వేసే మనిషే వెళ్ళాలి, అదీ ఒక్కరే. దూరం నుంచే పేరు పెట్టి పిలుస్తూ భుజం వైపు నుంచి దగ్గరికి రండి. సరిగ్గా వెనక నుంచి వస్తే మీరు దాని కంటికి ఆనరు. తల్లికీ దూడకీ నడుమ నిలబడొద్దు, ఆవుకీ గోడకీ మధ్య ఇరుక్కోవద్దు. మీదికి కదిలితే వీపు చూపించి పరుగెత్తకుండా, దాన్నే చూస్తూ వెనకడుగులు వేసి గుంజ చాటుకి వెళ్ళండి. చేతిలో కర్ర ఉంటే అడ్డం పెట్టడానికే తప్ప కొట్టడానికి కాదు. కొట్టారా, మనిషి దూడ దగ్గరికొస్తే దెబ్బ పడుతుందని అది నేర్చుకుంటుంది, వచ్చే ఈతకి ఇంకా ముందే మీదికొస్తుంది.

దూడ బొడ్డుకి టింక్చర్ అయోడిన్ పెట్టడం లాంటి పనులు తప్పవు కదా. అందుకు నేను చెప్పేది ఒకటే: ఆవు ఈనకముందే పాకలో ఒక మూల అడ్డంగా రెండు గట్టి వెదురు బొంగులు కట్టుకోండి. కింది బొంగు నేలకి రెండడుగుల ఎత్తులో ఉంటే దాని కిందనుంచి దూడను మీవైపుకి జరుపుకోవచ్చు, ఆవు మాత్రం దాటి రాలేదు. తల్లిని పొట్టి పలుపుతో గుంజకి కట్టి, ముందు తవుడు పెట్టి, దూడను దాని కళ్ళెదుటే ఉంచి పని ముగించండి. దూడను ఎత్తుకుని పాక బయటికి పట్టుకెళ్ళారంటే పలుపు తెంపుకునైనా వెంట వస్తుంది. ఎక్కువ ఇబ్బందులు ఇక్కడే మొదలవుతాయి.

సమస్య: ఇంట్లోవాళ్ళ దగ్గర బాగానే ఉంది, ఉన్నట్టుండి రెచ్చిపోతోంది

చుట్టుపక్కల కుక్క ఉందేమో చూడండి. ఈనాక ఆవు కడుపులోంచి పడే మాయ వాసనకి కుక్కలు వస్తాయి. కుక్క మీ కాళ్ళ దగ్గరికి చేరితే దానికోసం వచ్చిన కొమ్ము మీకు తగులుతుంది. మాయ పడగానే తీసి లోతుగా పాతిపెట్టండి, పెంపుడు కుక్కను కట్టేయండి. ఇక దూడను చూడటానికొచ్చే చుట్టాలు, పిల్లలు: కనీసం వారం వరకు పాక వైపు వద్దు. జున్నుపాలు కావాలంటే గుమ్మం దగ్గరే ఇచ్చి పంపండి, కోపం వస్తే రానివ్వండి.

సమస్య: తొలిచూలు ఆవు సొంత దూడనే తంతోంది

ఇది కోపం కాదు, బెదురు. పైగా పొదుగు బిగిసి నొప్పిగా ఉంటుంది. దూడ ఒంటిమీద కాస్త తవుడో ఉప్పో చల్లితే చాలా ఆవులు నాకడం మొదలుపెడతాయి. అయినా తంతుంటే తల్లిని కట్టి, వెనక కాళ్ళకి తాడు వేసి, మీరే దూడను చన్నుకి పట్టించండి. మొదటి ఒకటి రెండు గంటల్లో ముర్రుపాలు పడాల్సిందే. రోగాల్ని ఆపే శక్తి దూడకి వాటినుంచే వస్తుంది, 24 గంటలు దాటితే ఆ శక్తి పేగుల్లోంచి ఒంటికి పట్టదు. దూడ బరువులో పదో వంతు లెక్కన, 20 కిలోల దూడకి మొదటిరోజు రెండు లీటర్లు, రెండుమూడు సార్లుగా తాగించండి.

సమస్య: పాలకి కూర్చుంటే తన్నేస్తోంది

ముందు దూడను వదిలి చేపనివ్వండి, తర్వాత దూడను తల్లి మెడ దగ్గర కట్టి పితకండి. అప్పటికీ తంతుంటే పొదుగు పట్టి చూడండి. వేడిగా, గట్టిగా ఉన్నా, పాలల్లో పలుకులు కనిపించినా అది పొదుగువాపు. డాక్టర్ని పిలవండి.

సమస్య: దూడ దగ్గర లేకపోయినా, అయినవాళ్ళనైనా కుమ్ముతోంది

దీన్ని తల్లిప్రేమ అనుకుని వదిలేయకండి. ఈనిన మూడు రోజుల్లోపు వణుకు, తూలడం, చెవులు చల్లబడటం ఉంటే పాలజ్వరం అనుమానించాలి, కాల్షియం ఎక్కించాలి. మేత మానేసి గోడలు, గుంజలు నాకుతుంటే కీటోసిస్ (పాలకి సరిపడా శక్తి ఒంట్లో చాలక వచ్చే జబ్బు) కావచ్చు. 12 గంటలైనా మాయ పడకపోతే మీరు లాగకండి, అదీ డాక్టరు పనే. తెలుగు రాష్ట్రాల్లో 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. గొంతు మారి ఆగకుండా అరుస్తూ, చొంగ కారుస్తూ, నీళ్ళు మింగలేకపోతుంటే రేబిస్ కావచ్చు. గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టకండి. పాలు వాడకండి, దూడను తాగనివ్వకండి. చొంగ ఒంటికి తగిలితే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు టీకా కోసం ఆసుపత్రికి వెళ్ళండి.