గుల్లకు పడ్డ రంధ్రం చూసి, దాన్ని తిన్నదెవరో కనిపెట్టడం ఎలా?

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటైనా, కాకినాడ తీరమైనా, ఒడ్డున ఏరిన చిప్పల్లో కొన్నిటికి డ్రిల్ వేసినంత గుండ్రటి రంధ్రం ఉంటుంది. దండ గుచ్చడానికి రెడీమేడ్‌గా దొరికాయని పిల్లలు సంబరపడతారు. అది పెట్టింది ఇంకో గుల్లజీవే, తినడానికి.

1. అమావాస్యకో పౌర్ణమికో అటూ ఇటూగా, నీరు బాగా వెనక్కి తీసిన వేళ వెళ్లండి. ఒకచోట కూర్చుని చేతికందిన చిప్పలన్నీ ఏరండి. అందమైనవే ఏరితే లెక్క తప్పుతుంది. ప్రాణమున్నవాటిని వదిలేయండి. శంకువులా ఉండే కోన్ నత్తనైతే అసలు ముట్టుకోవద్దు, అది విషపు ముల్లుతో పొడుస్తుంది.

2. రంధ్రం అంచును భూతద్దంతో చూడండి. బయట వెడల్పుగా ఉండి లోపలికి గిన్నెలా ఇరుకైతే అది మూన్ స్నెయిల్ పని. ఈ నున్నటి గుండ్రటి నత్త ఇసుకలోనే పాకుతూ పోయి, గుల్లను తన వెడల్పాటి పాదంతో చుట్టేస్తుంది. కాసేపు ఆమ్లం పూసి పెంకును మెత్తబరుస్తుంది, కాసేపు ఆకురాయిలాంటి నాలుకతో గీకుతుంది. గంటల తరబడి ఇదే పని. చిల్లు పడ్డాక తొండం దూర్చి లోపలి మాంసం తినేస్తుంది. రంధ్రం గోడలు నిలువుగా ఉంటే మ్యూరెక్స్ జాతి నత్తను అనుమానించండి. పెంకు మరీ పల్చనైతే మాత్రం తేడా తేల్చడం కష్టం.

గుంట పడి, మధ్యలో చిన్న బొడిపె మిగిలి, చిల్లు పడలేదా? పని సగంలో ఆగిపోయిందన్నమాట. నాకైతే ఇలాంటిది దొరికితేనే ఎక్కువ సరదా.

3. ప్రతి చిల్లూ నత్తది కాదు. అంచు పెచ్చులూడితే పీత డెక్కలు కావచ్చు. జల్లెడలా సన్నటి చిల్లులుంటే పెంకును తొలిచే స్పాంజి అనే సముద్రజీవి పని. చిప్ప ముడి (రెండు చిప్పలూ అతుక్కునే వైపు ఉబ్బెత్తు భాగం) దగ్గర వంకరటింకర చిల్లయితే అలల అరుగుదల.

4. ఇక ఎన్ని గుల్లలు నత్తల పాలయ్యాయో లెక్క. ఒక గుల్లకు రెండు చిప్పలు, చిల్లు మాత్రం సాధారణంగా ఒకదానికే. 100 చిప్పల్లో 10కి చిల్లులుంటే, 50 గుల్లల్లో 10 పోయినట్టు. అంటే 20 శాతం, 10 శాతం కాదు. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

చివరగా, ఏరినవాటిలో ఖాళీ మూన్ స్నెయిల్ గుల్లలుంటే వాటినీ తిప్పి చూడండి. అదే గిన్నె రంధ్రం వాటికీ కనిపించవచ్చు. ఇవి సొంత జాతినీ వదలవు.