పిల్లలతో సకినాలు చుట్టిస్తున్నారా? పిండి తడిపే ముందే ఇవి చూసుకోండి

సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు పూర్తిగా అప్పగించదగ్గ పిండివంట సకినాలే. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, నీళ్లు, నేల మీద పరిచిన ఉతికిన కాటన్ బట్ట. పొయ్యి దగ్గరికి పోకుండానే పూటంతా పని దొరుకుతుంది. మధ్యలో గౌరమ్మను పెట్టి మొదలుపెట్టాక ఆ బట్ట ఇక వాళ్లదే. చుట్టు తెగినా, సకినం బదులు నత్త వచ్చినా, బీట్‌రూట్ రసంతో గులాబీ రంగు చేసినా మనం చేయి పెట్టొద్దు. మొదటిసారి నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటీ సరిచేశాను. అరగంటకే మా బిడ్డ లేచి వెళ్లి టీవీ పెట్టుకుంది.

నూనె దగ్గర మాత్రం పెద్దవాళ్ల మాటే చెల్లాలి. హద్దు ముందే గీయాలి, నిజంగానే గీయాలి. మా ఇంట్లో పొయ్యికి మూడడుగుల దూరంలో సుద్దముక్కతో గీత గీసి, పొడవునా చిన్న ముగ్గు వేస్తాం. వేసేది పిల్లలే. తాము వేసిన ముగ్గు కాబట్టి చిన్నోడు కూడా తొక్కడు.

పోయిన సంక్రాంతికి వాడు పిండితో ఏనుగును చేశాడు. నిమ్మకాయంత పొట్ట, నువ్వుగింజల కళ్లు. "అమ్మా, దీన్ని కూడా కాల్చవా" అని బతిమాలితే కాదనలేక కడాయిలో వేశాను. కాసేపటికి టప్‌మని పేలింది. పైభాగం పెంకులా గట్టిపడుతుంది, లోపలి తడి ఆవిరై దారి దొరక్క పగలగొట్టుకుని వస్తుంది. నూనె నా ముంజేతి మీద పడింది. వాడు గీత అవతల ఉన్నాడు కాబట్టి బతికిపోయాం.

అప్పటి నుంచి పెన్సిల్ కంటే లావున్నదేదీ నూనెలో వేయను. బొమ్మలు చేస్తామంటే చేయనివ్వండి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించండి. బీట్‌రూట్ రసం కలిపితే ఆ మేరకు నీళ్లు తగ్గించాలి. చుట్టిన సకినాల తడిని బట్ట పీల్చుకునేదాకా ఆగాలి, తొందరపడి పచ్చిగా వేస్తే నూనె చిందుతుంది.

కాల్చే రోజు కడాయి సగానికి మించి నింపొద్దు. పిడి బయటికి పొడుచుకు రాకూడదు. ఒంటి మీద కాటన్ బట్టలే ఉండాలి, చున్నీ తీసేయాలి, జడ బిగించి కట్టాలి. పిండి, నూనె కలిసిన గచ్చు జారుతుంది, పొయ్యి ముందు పొడి గుడ్డతో తుడుస్తూ ఉండండి. మిక్సీ జార్‌లో చేయి పెట్టే ముందు ప్లగ్ తీయడం పిల్లలకు అలవాటు చేయండి. పల్లీలు, జీడిపప్పు నాలుగేళ్ల లోపు పిల్లలకు అందకుండా ఉంచండి, గొంతులో అడ్డుపడతాయి. పక్కింటి పిల్లలు వస్తే నువ్వులు పడతాయో లేదో వాళ్ల అమ్మను అడగండి.

నూనె అంటుకుంటే నీళ్లు చల్లొద్దు, కడాయిని కదపొద్దు. గ్యాస్ కట్టేసి పెద్ద మూత పెట్టేయాలి. ఆ మూత మొదటి నుంచే చేతికి అందేలా ఉండాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి, పిల్లలతో బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.

కాలితే వెంటనే గాజులు, ఉంగరాలు తీసి, కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టాలి. ఆ 20 నిమిషాలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, అయినా గడియారం చూసి పెట్టండి. ఐస్, టూత్‌పేస్ట్, పసుపు, సిరా ఏవీ వద్దు. పొక్కులు చిదమొద్దు. ముఖం మీద, చేతి మీద, కీళ్ల దగ్గర కాలినా, గాయం బిడ్డ అరచేయి కంటే పెద్దదైనా శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి.

ఆఖరి సకినం తీశాక అందరం హమ్మయ్య అనుకుని పక్కకు వెళ్తాం. నూనె అప్పటికీ మరిగే ఉంటుంది, పిల్లలు తాము చేసినవాటిని ఏరుకోవడానికి పరుగెత్తుకొస్తారు. సకినాల పళ్లెం గీత ఇవతలికి తెచ్చి ఇవ్వండి. కడాయి పూర్తిగా చల్లారాకే వాళ్లతో ఆ ముగ్గు తుడిపించండి.