దేశంలో ఇళ్ల ధరల ధోరణిని ఏళ్ల తరబడి గమనించడం ఎలా?

2012లో 30 లక్షలకు కొన్న ఫ్లాటుకు 2024 చివర్లో 60 లక్షలు పలికితే, ఆ ఇంట్లో వాళ్లందరూ ధర రెట్టింపైందనే చెప్పుకుంటారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే 2012 సంవత్సరాన్ని 100గా పెట్టుకుని లెక్కించిన వినియోగదారుల ధరల సూచీ 2024 చివరికి 195 దాటింది. అంటే బియ్యం, పప్పు, బడి ఫీజు, బస్సు చార్జీ, మందులు అన్నీ కలిపి చూస్తే వాటి ధర కూడా దాదాపు రెట్టింపే అయింది. ఆ 60 లక్షలను 2012 నాటి రూపాయల్లోకి మారిస్తే 31 లక్షలకు లోపే తేలుతుంది. ఆ పన్నెండేళ్లూ అద్దె కట్టకుండా సొంత ఇంట్లో ఉన్న లాభం వేరే లెక్క. ధర పెరుగుదలను మాత్రమే తీసుకుంటే పెద్దగా మిగిలింది లేదు. ఈ తేడా కంటికి కనబడాలంటే దేశవ్యాప్త గణాంకాలను ఒక పద్ధతి ప్రకారం రాసి పెట్టుకోవాలి. ఆ పద్ధతిని వరుసగా చెబుతాను.

మొదటి మెట్టు: ఏ ధరను చూస్తున్నారో తేల్చుకోండి

ఒకే ఇంటికి మూడు ధరలు ఉంటాయి. అమ్మేవారు చెప్పే ధర ఒకటి, దస్తావేజులో రాయించే ధర ఒకటి, రుణం ఇచ్చే ముందు బ్యాంకు పంపిన మదింపుదారు వేసే విలువ మరొకటి. ప్రకటనల్లో కనిపించేది మొదటిది. బేరం తెగాక అది ఎంత తగ్గిందో ఎవరూ ప్రకటించరు కాబట్టి, దానిపై ఆధారపడిన అంకెలు సాధారణంగా అసలు కంటే ఎక్కువగానే ఉంటాయి. రెండోది అధికారికమైనదే గానీ, స్టాంపు సుంకం తగ్గించుకోవడానికి చాలామంది ప్రభుత్వం నిర్ణయించిన విలువకే దస్తావేజు రాయించుకోవడం మన దగ్గర అందరికీ తెలిసిన విషయమే. దీనివల్ల మరో చిక్కు వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2021 జూలైలోనూ, మళ్లీ 2022 ఫిబ్రవరిలోనూ భూములు, ఆస్తుల ప్రభుత్వ విలువలను పెంచింది. ఇలాంటి సవరణ జరిగినప్పుడు బజారులో ధర కదలకపోయినా దస్తావేజుల్లోని సంఖ్యలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఆ గెంతును ధరల పెరుగుదలగా చదివితే పొరపాటు పడినట్టే.

రెండో మెట్టు: ఒక సూచీని ఎంచుకుని దాన్నే పట్టుకోండి

మన దేశానికి ప్రధానంగా రెండు అధికారిక సూచీలు ఉన్నాయి. రెండూ మూడు నెలలకు ఒకసారి వెలువడతాయి.

రిజర్వ్ బ్యాంకు ఇళ్ల ధరల సూచీ రిజిస్ట్రేషన్ శాఖల నుంచి వచ్చే లావాదేవీల వివరాలపై నిలబడింది. 2010-11 ఆధార సంవత్సరంగా, అంటే ఆ ఏడాదిని 100గా పెట్టుకుని, సాగిన పాత శ్రేణిలో ముంబై, ఢిల్లీ, బెంగళూరు, చెన్నై, కోల్‌కతా, అహ్మదాబాద్, లక్నో, జైపూర్, కాన్పూర్, కొచ్చి అనే పది నగరాలు ఉండేవి. ఆ పాత జాబితాలో హైదరాబాద్ ఉండేది కాదన్న సంగతి తెలుగు పాఠకులు తప్పక గుర్తుంచుకోవాలి. ఆ శ్రేణి చూపించిన అఖిల భారత సంఖ్యలో మన ప్రాంతపు ఇళ్లు ఒక్కటీ లేవు.

నేషనల్ హౌసింగ్ బ్యాంకు 2007లో ప్రారంభించిన రెసిడెక్స్ రెండోది. మొదట అయిదు నగరాలతో మొదలై తర్వాత యాభై నగరాలకు విస్తరించింది. వాటిలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి. రుణాలిచ్చే బ్యాంకులు, గృహరుణ సంస్థలు వేయించిన విలువల ఆధారంగా ఒక సూచీని, నిర్మాణంలో ఉన్న ఇళ్ల మార్కెట్ ధరల ఆధారంగా మరొక సూచీని ఇది విడివిడిగా ఇస్తుంది. ఇళ్లను కార్పెట్ ఏరియా ప్రకారం 60 చదరపు మీటర్ల లోపు, 60 నుంచి 110 వరకు, 110కి పైన అని మూడు తరగతులు చేస్తుంది. 60 చదరపు మీటర్లంటే సుమారు 646 చదరపు అడుగులు, 110 అంటే సుమారు 1,184. మన ఊళ్లలో బిల్డర్లు చెప్పే విస్తీర్ణంలో మెట్లు, లిఫ్టు, నడవాల వాటా కూడా కలిసి ఉంటుంది కాబట్టి, మీ ఫ్లాటు ఏ తరగతిలోకి వస్తుందో చూసేటప్పుడు గోడల లోపలి కొలతనే తీసుకోండి. ఖాళీ స్థలాల గజం ధర ఈ సూచీలలో ఉండదు.

ఇతర దేశాలతో పోల్చి చూడాలనుకునేవారికి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఉన్న అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు సుమారు 60 దేశాల ఇళ్ల ధరల శ్రేణులను ప్రచురిస్తుంది. ద్రవ్యోల్బణాన్ని తీసేసిన భారత శ్రేణి కూడా అందులో దొరుకుతుంది.

ఏది ఎంచుకున్నా పరవాలేదు గానీ, ఒక ఏడాది ఒకదాన్ని, మరుసటి ఏడాది ఇంకొకదాన్ని చూడకండి. నన్నడిగితే, తెలుగు రాష్ట్రాల వాళ్లకు రెసిడెక్స్‌లోని బ్యాంకు విలువల సూచీయే ఎక్కువ ఉపయోగపడుతుంది. నగదుతో కొన్న ఇళ్లు అందులోకి రావన్నది దాని లోపం.

మూడో మెట్టు: పట్టిక వేసి శాతాలు కట్టండి

కంప్యూటర్‌లో గానీ, గీతల పుస్తకంలో గానీ నాలుగు గడులు గీయండి: త్రైమాసికం, సూచీ, నిరుటి అదే త్రైమాసికంతో పోలిస్తే మార్పు, వినియోగదారుల ధరల సూచీ. క్రితం త్రైమాసికంతో పోల్చడం కంటే నిరుటి అదే త్రైమాసికంతో పోల్చడమే మేలు. ఆషాఢంలో ఇంటి కొనుగోళ్లు వాయిదా పడటం, దసరా దీపావళి రోజుల్లో పుంజుకోవడం ప్రతి ఏటా ఉండేదే కాబట్టి, ఏడాది పోలికలో ఆ ఒడిదుడుకుల ప్రభావం చాలావరకు పోతుంది.

సూచీ 160 నుంచి 168కి చేరితే పెరిగింది 8 పాయింట్లు, శాతంలో చెబితే 5. ఈ రెండింటినీ కలగాపులగం చేసిన వార్తలు తరచుగా కనిపిస్తాయి. దీర్ఘకాలానికైతే సగటు వార్షిక వృద్ధి కట్టాలి: ఏడేళ్లలో 100 కాస్తా 150 అయితే, 50ని ఏడుతో భాగించి 7 శాతం అనకూడదు, చక్రవడ్డీ పద్ధతిలో అది 6 శాతానికి కాస్త తక్కువ. నోటి లెక్కకు 72ను సంవత్సరాలతో భాగించండి: పన్నెండేళ్లలో రెట్టింపు అంటే ఏటా సుమారు 6 శాతం.

నాలుగో మెట్టు: ద్రవ్యోల్బణాన్ని తీసేయండి

ఇళ్ల సూచీని వినియోగదారుల ధరల సూచీతో భాగించి 100తో గుణిస్తే నిజ ధర సూచీ వస్తుంది. భాగించే ముందు రెండింటికీ ఒకే ఆరంభ కాలాన్ని 100గా మార్చుకోవాలి. పై ఉదాహరణలో ఆ ఏడేళ్లలో సామాన్య ధరలు 100 నుంచి 140కి పెరిగి ఉంటే, నిజ పెరుగుదల మొత్తం కాలానికి 7 శాతమే, ఏడాదికి 1 శాతమే. నా దృష్టిలో ఈ పని మొత్తంలో అతి ముఖ్యమైన మెట్టు ఇదే. ఇది వదిలేసిన పట్టిక పాత రూపాయిని కొత్త రూపాయితో కలిపి కూడినట్టు ఉంటుంది.

అయిదో మెట్టు: ఆధార సంవత్సరం మారిన చోట అతుకు వేయండి

రెసిడెక్స్ ఆధార సంవత్సరం 2001 నుంచి 2007కు, తర్వాత 2012-13కు, ఆపైన 2017-18కి మారింది. మారిన ప్రతిసారీ సూచీ మళ్లీ 100 దగ్గర మొదలవుతుంది కాబట్టి, ఆ మార్పు గమనించనివారికి ధరలు కూలినట్టు కనిపిస్తుంది. రెండు శ్రేణులూ ఉన్న ఒక త్రైమాసికాన్ని పట్టుకోండి. అక్కడ పాతది 280, కొత్తది 112 అనుకుంటే, 280ని 112తో భాగిస్తే 2.5 వస్తుంది. ఆ తర్వాతి కొత్త సంఖ్యలన్నింటినీ 2.5తో గుణిస్తే గొలుసు తెగదు. కొత్త సూచీ 115 అయితే మీ పట్టికలో 287.5 అని రాయాలి. కొత్త శ్రేణిలో నగరాల సంఖ్య గానీ, లెక్కించే విధానం గానీ మారితే ఈ అతుకు ఉజ్జాయింపు మాత్రమేనని పక్కన రాసుకోండి.

ఆరో మెట్టు: సంఖ్య పక్కన సందర్భం రాయండి

2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు, 2017 మేలో స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే రెరా చట్టం పూర్తిగా అమల్లోకి రావడం, అదే ఏడాది జూలైలో జీఎస్టీ, 2020లో కోవిడ్ వంటివి పట్టికలో ఆయా త్రైమాసికాల పక్కన ఉండాలి. వడ్డీ రేటు మరీ ముఖ్యం. రిజర్వ్ బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటే రెపో రేటు; 2020 మే నుంచి 4 శాతంగా ఉన్న అది 2022 మేలో పెరగడం మొదలై 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. ఇరవై ఏళ్ల గడువుతో 40 లక్షల రుణం తీసుకుంటే 7 శాతం వడ్డీకి నెల వాయిదా సుమారు 31 వేలు, 9 శాతానికి సుమారు 36 వేలు. నెలకు ఆ అయిదు వేలు సర్దలేని కుటుంబం చిన్న ఇల్లు చూసుకుంటుంది, లేదా కొనడం వాయిదా వేస్తుంది. అంత వడ్డీ ఉన్నా ధరలు పెరిగాయంటే గిరాకీ ఎక్కడి నుంచి వస్తోందో నగరాల వారీగా వెతకాలి.

అందుకోసం అఖిల భారత వరుస కింద మీ నగరానిది, మరో రెండు నగరాలవి రాసుకోండి. సగటు నెమ్మదిగా కదులుతున్న కాలంలోనే ఒక నగరం పరుగెత్తడం, మరొకటి దిగడం ఆ వరుసల్లో తెలుస్తుంది. కొత్త సంఖ్య వెలువడినప్పుడల్లా వెనకటి రెండు మూడు త్రైమాసికాల అంకెలను కూడా సరిచూసి, అవి సవరణకు గురై ఉంటే పాతది కొట్టేయకుండా పక్కనే కొత్తది, దిద్దిన తేదీతో సహా రాయండి.